నూనె తాగిన కట్టె

నాకు కరోనా రాలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఆ రెండేళ్లలో ఎవరు మంచం పట్టినా కరోనాయే అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. నన్ను పడగొట్టింది నా వంటిల్లు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నా చేతులతో నేనే కట్టి, నేనే అలికి, శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టుకున్న నా పొయ్యి.

ఇప్పుడు తేరుకున్నాను. మధ్యలో ఆగకుండా నాలుగు వాక్యాలు మాట్లాడగలుగుతున్నాను. మా ఆయనకు ఇదేమంత శుభవార్త కాదు గానీ పాపం భరిస్తున్నాడు. నా చదువు సూరత్‌లోని తెలుగు బడిలో పదో తరగతితో ఆగిపోయింది. చదివే పిచ్చి మాత్రం ఆగలేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. జాలి పడతారని కాదు. నేను చేసిన తప్పు చాలామంది ఇళ్లలో ఇవాళ్టికీ జరుగుతోంది. అది తప్పని తెలియక జరుగుతోంది. నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే వినేదాన్నా అంటే, వినేదాన్ని కాదు. అయినా చెప్పాల్సిందే.

మాది సిరిసిల్ల వైపు నేతపని వాళ్ల కుటుంబం. మా నాన్న పెళ్లికి ముందే మగ్గాల పని వెతుక్కుంటూ ఇక్కడికొచ్చాడు, నేను ఇక్కడే పుట్టాను. మా ఆయన రాజేశం ఖటోదరాలో ఒక కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే మిస్త్రీ. ఇల్లు లింబాయత్‌లో. ముందొక గది, వెనక వంటకు ఇంత చోటు, ఆ చోటుకు పక్కసందు వైపు ఒక కిటికీ. అందులో మేం నలుగురం. నేను, ఆయన, మా అత్త, మా అమ్మాయి శ్రావణి. అప్పుడు దానికి తొమ్మిదో తరగతి.

2020 ఎండాకాలం

లాక్‌డౌన్ పెట్టగానే మగ్గాలు ఆగిపోయాయి. లింబాయత్‌లో ఉండేవాళ్లకు ఆ చప్పుడు చెవుల్లో ఉండే చప్పుడు, ఉన్నప్పుడు వినిపించదు. ఆగినప్పుడు మాత్రం మా అత్తకు మధ్యాహ్నం కునుకు పట్టలేదు. ఎవరో పోయిన ఇంట్లో ఉన్నట్టుంది అని గొణిగేది.

మా గ్యాస్ కనెక్షన్ మా మరిది పేరు మీద ఉండేది. లాక్‌డౌన్‌కు వారం ముందు అతను భార్యాపిల్లలతో సిరిసిల్ల వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. సిలిండర్ బుక్ చేయాలంటే అతని ఫోన్ నుంచే చేయాలి. ఆ ఫోన్ కాస్తా ఊళ్లో పాడైపోయింది, బాగుచేసే దుకాణాలు మూసేశారు. రెండో వారానికల్లా మా సిలిండర్ ఖాళీ అయింది.

అప్పుడే రాజేశానికి కార్ఖానాలో పడి ఉన్న కట్టె గుర్తొచ్చింది. సేఠ్ పాత మగ్గాలు విరగ్గొట్టించి కొత్త మిషన్లు పెట్టాలనుకున్నాడు. ఇనుము అంతా భంగార్‌కు, అంటే పాత సామాను కొనేవాళ్లకు పోయింది. కట్టె భాగాలు, అంటే దారం మోసే నాడెను అటూ ఇటూ కొట్టే కర్రలు, దాని కింద పలకలు, ఒక మూల కుప్పగా పడి ఉన్నాయి. కావలసినవాళ్లు తీసుకుపోండన్నాడు. కాస్త సడలింపు రాగానే మా ఆయన తోపుడు బండి మీద రెండు దఫాలుగా తెచ్చి ఇంటి ముందు పేర్చాడు.

ఆ కట్టె మామూలు కట్టె కాదు. పాతికేళ్లు మగ్గంలో ఉండి మిషను నూనె తాగి తాగి నల్లగా నిగనిగలాడుతోంది. చేత్తో పట్టుకుంటే అరచేతికి జిడ్డు. అడుగున కాసింత చిండి, అంటే మగ్గాల కింద రాలిన పాలిస్టర్ దారపు తుక్కు పెట్టి అగ్గిపుల్ల చూపిస్తే చాలు, భగ్గున లేస్తుంది. ఊదాల్సిన పనే లేదు. మా అమ్మ తడి కట్టెలతో కళ్లు నులుముకుంటూ ఊదిన రోజులు నాకు తెలుసు. అందుకే ఇది వరమనుకున్నాను.

ఇటుకలు దొరికాయి, మట్టి దొరికింది. వాకిట్లో పెడదామంటే పోలీసులు జనాన్ని లోపలికి తరుముతున్నారు. సరే, కిటికీ ఉందిగా అని వెనక వంటచోట్లోనే కట్టాను. మూడో రోజుకి జొన్నరొట్టె పొంగుతుంటే మా అత్త మొహం చూడాలి. గ్యాసు మీద చేసింది తిండేనా, ఇన్నేళ్లకు నోటికి రుచి తగిలిందని నలుగురికీ ఫోన్ చేసి మరీ చెప్పింది. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు.

పై అంతస్తులో వైశాలి అని ఒక మరాఠీ ఆమె ఉంటుంది. పది రోజులకు కిందికి వచ్చింది. పొగ వాళ్ల కిటికీలోకి కొడుతోందట, ఆరేసిన బట్టల మీద నల్లటి మసి పడుతోందట, వాళ్ల మామకు ఆయాసం ఎక్కువైందట. మంచిగానే చెప్పింది. నాకే మంచిగా వినబడలేదు. మా ఇంట్లో మేం వండుకుంటే నీకేం నొప్పి అన్నాను. ఆమె వెళ్లగానే కిటికీకి తాడిపత్రీ, అంటే టార్పాలిన్ పట్టా కొట్టి, సందుల్లో పాత బొంత గుడ్డలు కుక్కాను. ఇక నీ బట్టల మీద ఒక్క నుసి పడితే అడుగు అనుకున్నాను. పైగా గాలిలోంచి రోగం వస్తుందని టీవీలో చెబుతున్నారు కాబట్టి, కిటికీ మూయడం తెలివైన పనే అనిపించింది. ఆ రోజు నుంచి ఆ పొగంతా మాకే.

ఆగస్టుకు మా మరిది తిరిగి వచ్చాడు, సిలిండర్ కూడా వచ్చింది. దాన్ని చాయ్‌కీ, చుట్టాలొచ్చినప్పుడు మర్యాదకీ వాడుకున్నాను. మిగతా వంటంతా పొయ్యి మీదే. ఎండాకాలంలో ఆ పొయ్యిని రాజేసింది అవసరం. ఆ తర్వాత రాజేసింది నా మొండితనం.

దీపావళి తర్వాత

దగ్గు దీపావళికి ముందే మొదలైంది గానీ నేను లెక్కచేసింది ఆ తర్వాతే. ముందు గొంతులో గరగర. తర్వాత పొద్దున లేవగానే తల బరువు, కళ్ల మంట. ఆ తర్వాత నీళ్ల బిందె ఎత్తితే ఎదలో ఎవరో తాడు బిగించినట్టు. బిందె దించి గోడ పట్టుకుని నిలబడాలి. నా వయసు అప్పటికి ముప్పై తొమ్మిది.

ఆ రోజుల్లో దగ్గడమంటే దొంగతనం చేసినంత పని. మా వాడలో ఒకాయన దగ్గితే మున్సిపాలిటీ వాళ్లు వచ్చి తలుపుకి కాగితం అంటించి వెళ్లారు. పాలవాడు కూడా ఆ గడప ముందు ఆగలేదు. అందుకని నేను దిండు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గేదాన్ని. చప్పుడు బయటికి పోకూడదని వీధి తలుపు కూడా వేసుకునేదాన్ని. అంటే ఇప్పుడు కిటికీ మూసే ఉంది, తలుపూ మూసే ఉంది.

మందు సంగతి చెబితే నవ్వుతారు. ఊరంతా ఆవిరి పడుతోంది, కషాయాలు తాగుతోంది. నేనూ మొదలుపెట్టాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. పసుపు, వాము, తులసి వేసిన గిన్నె పొయ్యి మీద మరుగుతూనే ఉండాలి. గిన్నె దించితే చల్లారిపోతుందని పొయ్యి పక్కనే కూర్చుని, దుప్పటి కప్పుకుని, ఆ మూసిన గదిలో గుండెల నిండా పీల్చేదాన్ని. అంతకుముందు రోజుకి రెండు పూటలు మండిన పొయ్యి నా దగ్గు పుణ్యమా అని రోజంతా మండింది. దగ్గు పెరిగింది. దగ్గు పెరిగింది కాబట్టి ఆవిరి పెంచాను. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో వినడమే గానీ, ఇంత శ్రద్ధగా, మూడు పూటలా గోక్కున్నదాన్ని నేనే అయి ఉంటాను.

మా అత్త దగ్గర కూర్చుని వీపు రాసేది. ఆమె మనసు మంచిది. "ఇంకొక రెండు కట్టెలు ఎగెయ్యి బిడ్డా, జర మంచిగ మస్లనియ్యి" అనేది. ఆమె కూడా దగ్గుతుండేది గానీ ఆమెకు ఎండ కావాలి. సగం రోజు బయట అరుగు మీద గడిపేది. ఆమెను కాపాడింది ఆ అరుగే.

రాజేశం బలవంతం మీద రెండుసార్లు పరీక్షకు వెళ్లాను. ఒక బడి ఆవరణలో, చెట్ల కింద, ఒకరికొకరం దూరంగా సగం పూట నిలబడ్డాం. రెండుసార్లూ కరోనా లేదనే వచ్చింది. రెండోసారి క్యూలో నిలబడ్డ గంటన్నర తర్వాత తలబరువు దిగిపోయి, ఊపిరి తేలిగ్గా ఆడింది. మా వెనకాల నిలబడ్డ ముసలాయన ఇచ్చిన లవంగం మహిమ అనుకున్నాను. ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించాను, మళ్లీ మామూలే. అప్పుడైనా బుర్ర వెలగాలి కదా. వెలగలేదు.

డిసెంబరులో మా వీధి చివరున్న క్లినిక్‌కు వెళ్లాను. గుజరాతీ డాక్టరమ్మ, పెద్దావిడ, మాటకు ముందు వెనక చూసుకోదు. లోపల ఒక్కొక్కరినే చూస్తుంది, మిగతావాళ్లం రోడ్డు మీద ప్లాస్టిక్ కుర్చీల్లో. నా ఆయాసం చూసి నాకంటే ముందున్న ఇద్దరు తమ వంతు నాకిచ్చారు. వాళ్లెవరో కూడా తెలియదు, మాస్కుల వల్ల మొహాలూ తెలియవు. ఇప్పటికీ ఆ ఇద్దరికీ మనసులో దండం పెట్టుకుంటాను.

డాక్టరమ్మ నా వీపు మీద స్టెత్ పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత హిందీలో అడిగింది, ఇంట్లో వంట దేని మీద చేస్తావని.

గ్యాస్ మీద అన్నాను.

ఎందుకు అన్నానో చాలాసార్లు ఆలోచించుకున్నాను. తలుపు తెరిచే ఉంది, బయట కుర్చీలో మా వాడ ఆవిడే కూర్చుని ఉంది. ఇంకా కట్టెల పొయ్యేనా అనుకుంటుందని సిగ్గు. మా నాన్న ఈ ఊరికి వచ్చి మాకు గ్యాస్ పొయ్యి కొన్నరోజు వాడందరినీ పిలిచి చూపించాడు. ఆయన కూతురు మళ్లీ మట్టిపొయ్యి అలుకుతోందని చెప్పడానికి నోరు రాలేదు. సిలిండర్ ఉన్నమాట నిజమే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. ఆమె నా మాట నమ్మి మందులు రాసిచ్చింది. ఆ మందులు పొయ్యి పక్కన కూర్చునే మింగాను.

జనవరి

ఆ అబద్ధం నా ఒక్కదాని మీద పడి ఉంటే ఇదంతా రాసేదాన్ని కాదు.

సూరత్‌లో చలి పెద్దగా ఉండదు. ఉన్న ఆ నాలుగు రోజులే మా అత్తకు హిమాలయాలు. పొద్దున్నే పొయ్యిలోంచి నిప్పులు తీసి ఇనప తట్టలో పోసి ముందుగదిలో పెట్టేదాన్ని. కాళ్లు వెచ్చబడతాయి, పైన గిన్నె పెడితే ఆవిరి నీళ్లూ కాగుతాయి. శ్రావణి ఆ గదిలోనే గోడకానుకుని ఫోన్‌లో క్లాసులు వినేది. వారం రోజులుగా తల నొస్తోందని, కడుపులో తిప్పుతోందని అంటోంది. పొద్దస్తమానం ఫోన్ చూస్తే నొప్పి రాదా అని నేనే తిట్టాను.

ఆ రోజు పదిన్నర అయి ఉంటుంది. అత్త ఎండ కోసం వీధి చివరకు వెళ్లింది. రాజేశం పనిలో ఉన్నాడు. నేను రేషన్ దుకాణానికి పోయి వచ్చాను. తలుపు తోసేసరికి ఫోన్‌లోంచి టీచర్ గొంతు వినబడుతోంది. శ్రావణీ, శ్రావణీ, మైక్ ఆన్ చెయ్యి అని పిలుస్తోంది. శ్రావణి పక్కకు ఒరిగి ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు.

చంకల కింద చేతులు వేసి లాగాను. రెండు అడుగులు లాగేసరికి నాకు ఊపిరి అందలేదు. నా కన్నబిడ్డను గడప దాటించే ఊపిరి నాలో లేదు. అరవడానికీ లేదు. ఇత్తడి చెంబు తీసి గడపకేసి కొట్టాను.

పైనుంచి దిగి వచ్చింది వైశాలి. ఏడెనిమిది నెలలుగా నేను మాట్లాడని వైశాలి. దూరం, మాస్కు, రోగం ఏదీ ఆలోచించలేదు. పిల్లను భుజాన వేసుకుని వీధిలోకి తీసుకుపోయి అరుగు మీద పడుకోబెట్టి, మొహాన గాలి తగిలేలా చుట్టూ చేరినవాళ్లను తరిమేసింది. రెండు మూడు నిమిషాలకు శ్రావణి కక్కుకుంది, కళ్లు తిప్పింది. "అమ్మా, క్లాస్ ఛూట్ గయా" అంది, క్లాసు తప్పిపోయిందని. నేను ఆ అరుగు పక్కనే కూలబడి ఏడ్చాను.

ఆస్పత్రిలో ఒక్కరినే లోపలికి రానిచ్చారు. నేను వెళ్లాను. చిన్న వయసు డాక్టరు, కళ్లు ఎర్రబడి ఉన్నాయి, ఎన్నాళ్ల నుంచి నిద్ర లేదో. గదిలో ఏం మండింది అని అడిగాడు. ఈసారి అంతా చెప్పాను. నూనె కట్టె, చిండి, తాడిపత్రీ, బొంతగుడ్డలు, తట్టలో నిప్పులు. డిసెంబరులో డాక్టరమ్మకు చెప్పిన అబద్ధం కూడా చెప్పాను, ఆయన అడగకపోయినా. ఆయన తిట్టలేదు. మూసిన గదిలో నిప్పులు రాజుకుంటుంటే ఒక విషగాలి పుడుతుందట. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనబడకపోయినా నిప్పుల నుంచి అది వస్తూనే ఉంటుందట. 

శ్రావణికి సాయంత్రం దాకా ఆక్సిజన్ పెట్టారు. నేను బయటికి వచ్చేసరికి రాజేశం గేటు పక్కన పని బట్టల్లోనే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. నిప్పులు లోపల పెట్టింది నేను. ఆ కట్టె ఇంటికి తెచ్చింది తను. ఇద్దరికీ తెలుసు. ఒకే బెంచీ మీద చెరో చివర కూర్చున్నాం. సెక్యూరిటీ ఆయన వచ్చి దూరం దూరం కూర్చోండి అనబోయి, మేం అప్పటికే దూరంగా ఉన్నామని చూసి వెళ్లిపోయాడు.

పొయ్యి

మర్నాడు శ్రావణిని ఇంటికి తెచ్చాం. అది అరుగు మీదే కూర్చుంది, లోపలికి రానంది. నేను గడ్డపార తీసుకుని లోపలికి వెళ్లాను. ముందు తాడిపత్రీ పీకాను. బొంతగుడ్డలు లాగితే చెయ్యి మసిబారింది. అవి లోపలి వైపు నల్లగా అట్టకట్టుకుపోయి ఉన్నాయి. కొన్ని నెలలుగా నేను పీల్చింది అదన్నమాట.

తర్వాత పొయ్యి మీద గడ్డపార వేశాను. అత్త అడ్డం వచ్చింది. "ఏందే గీ పని? పొయ్యి పలగ్గొడ్తరా ఎవరన్న? ఇల్లు ఆగమైతది" అంది.

"ఇల్లు నిన్ననే ఆగమయ్యేది అత్తమ్మా. జర్రంతల తప్పింది" అన్నాను.

ఆమె పక్కకు జరిగింది. నాలుగు దెబ్బలు వేస్తే కూర్చోవాలి, దగ్గాలి, లేచి మళ్లీ నాలుగు దెబ్బలు. రాజేశం గుమ్మంలో నిలబడి చూశాడు. తను కొడతానని అనలేదు, అన్నా గడ్డపార ఇచ్చేదాన్ని కాదు. నేను కట్టిన పొయ్యి, నేనే కూల్చాలి. మధ్యాహ్నమంతా పట్టింది. చివర్లో అత్తే వచ్చి కూలిన పొయ్యి ఇటుకలకు పసుపు కుంకుమ పెట్టి, మిగిలిన మట్టి తట్టలోకి ఎత్తింది.

అప్పుడు మళ్లీ గుజరాతీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, తలుపు తెరిచి ఉండగానే, బయటివాళ్లకు వినబడేలా నిజం చెప్పాను. ఆమె కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి, నువ్వు నాకు అబద్ధం చెప్పలేదు, నీ ఊపిరితిత్తులకు చెప్పావు అంది. పెద్దాస్పత్రికి పంపించి గొట్టంలోకి ఊదించింది. లోపల గాలిగొట్టాలు వాచిపోయి ఉన్నాయట. పొగ పూర్తిగా మానేస్తే, ఇచ్చిన మందు రోజూ పీలిస్తే చాలావరకు తిరిగి వస్తుంది, అంతా రాదు అంది. పూర్తిగా అంటే ఎంత అని అడిగాను. ఒక్కరోజు కూడా వద్దు అంది.

ఇంట్లో వంట అంతా గ్యాస్ మీదకు మారింది. స్నానాల నీళ్లకు మాత్రం రాజేశం వాడ చివర ఖాళీ జాగాలో, ఎవరి తలుపుకీ కిటికీకీ దగ్గర కాకుండా, మూడు వైపులా తెరిచిన రేకుల కింద ఒక పొయ్యి కట్టాడు. మిస్త్రీ కదా, పొగ పైకి పోయేలా పాత ఇనప గొట్టం నిలబెట్టాడు. ఎండిన తుమ్మకట్టె సన్నగా చీల్చి, నేల మీద కాకుండా ఇటుకల మీద పేరుస్తాడు. చిండి, ప్లాస్టిక్, రంగు వేసిన కట్టె, నూనె కట్టె ఏదీ అందులోకి పోదు. పక్కన బకెట్‌తో నీళ్లు ఉండాలి. పని అయ్యాక నిప్పులు ఆర్పి, బూడిద చల్లారిందని చేత్తో చూసి గానీ కదలడు. నన్ను అటు రానివ్వడు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఎన్నడూ పొయ్యి దగ్గర కూర్చోని మనిషి, పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి పొయ్యి ముందు గొంతుక్కూర్చోవడం చూసి వాడంతా నవ్వుకుంది. ఆయన పట్టించుకోలేదు. అన్నీ చేశాడు గానీ ఆ కట్టె గురించి మాత్రం ఒక్క మాట అనలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే ఇద్దరిలో ఎవరిది తప్పో తేల్చుకోవాల్సి వస్తుందని భయం. అన్నం పెట్టుకునేటప్పుడు, మందు పీల్చేటప్పుడు ఆ మాట మా ఇద్దరి మధ్యే కూర్చునేది.

2021

ఏప్రిల్‌లో అసలు రోగమే మా వాడకు వచ్చింది. పొద్దంతా అంబులెన్సుల కూతలు. మా వరుసలో ఇద్దరు పోయారు. నాలాంటి ఊపిరితిత్తులున్నవాళ్లకు అది సోకితే ఏమవుతుందో డాక్టరమ్మ దాచలేదు. నెలన్నర గడప దాటలేదు. తలుపు, కిటికీ మాత్రం బార్లా తెరిచి ఉంచాను. ఎవరు ఏమన్నా మూయలేదు. వైశాలి పైనుంచి తాడు కట్టిన బుట్టలో కూరగాయలు దింపేది. బట్టలు తెల్లగానే ఉన్నాయా అని కిందినుంచి నేను ఆటపట్టిస్తే, ఉన్నాయి, నోరు మూసుకుని ఊపిరి తీసుకో అనేది.

ఊపిరి తీసుకోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యేనని అప్పుడే తెలిసింది. ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలాలి. శ్రావణి ఎదురుగా కూర్చుని లెక్కపెట్టేది. మొదట్లో నాలుగు దాకా, వానాకాలానికి ఏడు దాకా. గదిలోంచి గుమ్మం దాకా నడక, తర్వాత వీధి మలుపు దాకా. కొన్ని రోజులు వెనక్కి వెళ్లేవి. వానలో తేమ ఎక్కువైన రోజు మళ్లీ గోడ పట్టుకునేదాన్ని. అలాంటప్పుడు ఏడుపు రాలేదంటే అబద్ధం. ఏడిస్తే ఆయాసం ఎక్కువవుతుందని మానేశాను.

నవంబరులో ఒక మధ్యాహ్నం టెంపో ఒకటి వచ్చి మా వాడ మొదట్లో కట్టె కుమ్మరించింది. ఇంకేదో కార్ఖానాలో పాత మగ్గాలు విరగ్గొట్టారట. అదే నల్లటి, నిగనిగలాడే కట్టె. ఊరికే తీసుకుపొమ్మన్నారు. ఆడవాళ్లంతా గోనెసంచులు పట్టుకుని వచ్చారు.

నేను వెళ్లాను. కుప్ప ముందు నిలబడి, ఇది వద్దని చెప్పాను. నూనె గురించి, మూసిన కిటికీ గురించి, తట్టలో నిప్పుల గురించి చెప్పాను. కొందరు ఆగారు, కొందరు ఏరుకుంటూనే ఉన్నారు. నర్సవ్వ అని మా వరుసలోనే ఉంటుంది, ఒంటరిగా ఉండే మగ్గాల పనివాళ్లు ఆరుగురికి వండిపెడుతుంది. నెత్తిన మోపు పెట్టుకుని నా ముందుకు వచ్చింది.

"మా అవ్వ కాలం నుంచి కట్టెల మీదనే వండుకుంటున్నం. ఎవలు సచ్చిండ్రు? నీకు ఒంట్ల బాగలేదు, నీ దగ్గు నీది" అంది.

బదులు చెప్పబోతే దగ్గు అడ్డొచ్చింది. మాట సగంలో తెగిపోయింది. నలుగురి ముందు వంగి, మోకాళ్లు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు నా పక్కకు శ్రావణి వచ్చింది. జనవరిలో చూసినవాళ్లకు పిల్లకు ఆకలికి కళ్లు తిరిగాయనే చెప్పాం. అసలు సంగతి బయట ఎక్కడా చెప్పొద్దని, ఆడపిల్లకు ఏదో జబ్బుందని పేరు పడుతుందని మేమే దాని నోరు కట్టేశాం.

"గా కట్టెకు పడ్డది మా అమ్మ కాదు, నేను" అంది. "క్లాస్ వింటున్న. నిద్రొచ్చినట్టయింది, గంతే. లేస్తనో లేవనో గూడ నాకు తెల్వలే."

 నర్సవ్వ దాన్ని కిందినుంచి పైదాకా చూసింది. మోపు మాత్రం దించలేదు. ఈసారి గొంతు తగ్గించి అడిగింది.

"మరి ఆరుగురికి దేనితోటి వండాలె బిడ్డా?"

 వద్దని చెప్పడం తేలిక, ఏం చేయాలో చెప్పడం కష్టం. ఆరు కంచాలు ఆమె ముందున్నాయి, నా ముందు లేవు.

రాజేశం ఎప్పుడొచ్చాడో చూడలేదు. భోజనానికి ఇంటికి వచ్చినట్టున్నాడు. గుంపులోంచి ముందుకు వచ్చి, నర్సవ్వ నెత్తి మీది మోపు రెండు చేతులతో ఎత్తి కింద పెట్టాడు.

"మా పొయ్యి కాడ వండుకో అక్కా. ఎండు కట్టె నేను చీరి పెడ్త, పొయ్యి అంటువెట్టుడు గూడ నాదే" అన్నాడు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, అందరికీ వినబడేలా అన్నాడు. "గీ నూనె కట్టె మన వాడకు మొదలు తెచ్చింది నేనే. నా బిడ్డ పడ్డది, నా పెండ్లాం గిట్లయింది, నేను తెచ్చిన కట్టెకే."

పది నెలలు ఆ మాట కోసం ఎదురుచూశానని అది విన్నాకే నాకు తెలిసింది. కిటికీ మూసింది నేను కదా అన్నాను. నాకు వచ్చిన ఊపిరి అంతే, ఆయనకు వినబడిందో లేదో. చెయ్యి పట్టుకుని నన్ను పక్కనున్న అరుగు మీద కూర్చోబెట్టాడు.

నర్సవ్వ మర్నాటి నుంచి వాడ చివర రేకుల కింద వండుతోంది. ఆ రోజు నేను అంత చెప్పినా ఏడు ఇళ్లకు ఆ కట్టె వెళ్లింది. ఎవరెవరివో నాకు తెలుసు. సాయంత్రాలు పొయ్యిలు వెలిగించకముందే శ్రావణిని తోడు తీసుకుని వెళ్తాను. గడప దగ్గర నిలబడే మాట్లాడతాను, ఆయాసం వస్తే ఆగుతాను, తగ్గాక మళ్లీ అందుకుంటాను. ఐదు ఇళ్లలో ఆ కట్టె బయటికి వచ్చింది, కిటికీలు తెరుచుకున్నాయి. ఒక ఇంట్లో నిన్న నా మొహం మీదే తలుపు వేశారు. ఇంకొక ఇంట్లో చంటిపిల్ల ఉంది, దగ్గు వీధిలోకి వినబడుతోంది. ముందు ఆ ఇంటికే వెళ్తున్నాను.